కుట్టుకు వదలని అంచు

పొద్దున్నే టీ గ్లాసు అత్త ఎడమచేతికి అందించి, అనూష ల్యాప్‌టాప్ తెరిచింది. తెరమీద బొంత బొమ్మ సిద్ధంగా ఉంది. మధ్యలో మామ నీలం చొక్కా పెద్ద ముక్క, చుట్టూ ఆయన గళ్ల లుంగీల చిన్న ముక్కలు. ప్రతి బట్టకూ ఫోటో తీసి, రంగులు అటూ ఇటూ మార్చి, పది రకాలుగా చూసుకున్నాక తేలిన బొమ్మ అది.

"బాగుందా అత్తా?"

"బాగుంది," అంది పేరమ్మ.

ఆమె భర్త చెంచయ్య పోయిన ఏడు సముద్రం మీద చేపల వేటకు వెళ్లి తిరిగి రాలేదు. ఆనవాయితీ ప్రకారం చాకలికి ఇచ్చేయాల్సిన ఆయన బట్టల్లో నాలుగు లుంగీలు, రెండు చొక్కాలు పేరమ్మ ట్రంకుపెట్టెలో దాచేసింది. వాటితో బొంత కుట్టి కప్పుకుంటానంది. ఊళ్లో సగం ఇళ్లలో ఆమె కుట్టిన బొంతలే మరి. తీరా సూది పట్టకముందే పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, మాట నిదానించింది. ఆ పని కోడలు నెత్తిన వేసుకుంది. బిట్రగుంట టౌన్లో పెరిగిన పిల్ల, మిషన్ కుట్టడం కాస్త వచ్చు, కంప్యూటర్ బాగా వచ్చు. పాపం, మంచి మనసుతోనే మొదలుపెట్టింది.

ముక్కలన్నీ నిన్ననే కోసేసింది. ఇవాళ మిషన్ మీద నాలుగు చిన్న ముక్కలు వరసగా కలిపి పెద్ద ముక్క పక్కన పెట్టి చూస్తే ఒకటిన్నర అంగుళం పొట్టిగా ఉంది. విప్పి మళ్లీ కుట్టింది. ఉప్పునీళ్లకు నాని నాని నలిగిన బట్ట, దారం లాగేసరికి అంచులు పీచులుగా ఊడివచ్చాయి. ఇంకో వరస కుట్టింది. అదే లోటు.

అప్పుడు అర్థమైంది. తెరమీద కనిపించే కొలత కుట్టయ్యాక మిగిలేది. కుట్టులోకి పోయే అంచు అదనంగా వదలాలి. ఆమె ఒక్క ముక్కకూ వదల్లేదు. మళ్లీ కొయ్యడానికి ఇంకో చొక్కా లేదు, తొడుక్కునే మనిషీ లేడు.

వేట నుంచి వచ్చిన ఆమె భర్త వినోద్ గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏంది ఇది?"

"కొలత తప్పింది."

"నాయనవి ఇవే గదా మిగిలింది! ముందు ఒక పాత చీర కోసి చూసుకుంటే నీ సొమ్మేం పోయేది?"

"బొమ్మ నువ్వు చూడలేదా? బ్రహ్మాండంగా ఉందని అనలేదా?"

"నాకేం తెల్సు కుట్టుపని!"

"నాకు తెల్సు," అంది మంచం మీది నుంచి పేరమ్మ.

ఇద్దరూ తిరిగి చూశారు. ఆమె ఒక్కో మాటా కూడదీసుకుంటోంది. "నిన్న కత్తెర పెట్టినప్పుడే తెల్సు. అంచు ఇడవలా."

"మరి చెప్పలేదేం అత్తా?" అంది అనూష.

"చెప్దామని చెయ్యి ఎత్తినా. మాట వచ్చేలోగా నీళ్లు తెచ్చి నోటికి పెట్టినావు. తాగినా."

పేరమ్మ ఊపిరి తీసుకుని మళ్లీ అందుకుంది.

"చెయ్యి పడిపోయినకాడి నుంచి తిన్నావా, పండుకుంటావా అని అడుగుతున్నారు. బొమ్మ చూపిచ్చి బాగుందా అన్నావు, బాగుందన్నా. ఎట్టా కుట్టాలని ఒక్కరన్నా అడిగినారా?"

అనూష మంచం పట్టె మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. ఐదు నెలలుగా వేళకు మందులేసింది, తల దువ్వింది, అన్నం కలిపి పెట్టింది. మనిషిని మాత్రం పక్కన పెట్టేసింది. ఆ సంగతి ఇప్పుడు తెలిసి ఏం లాభం? కోసిన బట్ట అతుక్కోదు కదా.

కళ్లు తుడుచుకుని తల ఎత్తింది. "ఇప్పుడు ఎట్టా కుట్టేది అత్తా?"

"మిషన్ వద్దు. నా పాత చీర నేలన పరుచు. దాని మీద ముక్కలు ఒకదాని అంచు మీద ఇంకోటి ఎక్కేటట్టు పేర్చు. సూదితో కుట్టుకుంటా రా."

"సరిపోతాయా?"

"సరిపోవు. నడుమ నడుమ చీర కనపడతాది. కనపడనీ."

వినోద్ చీర పరిచాడు. అనూష సూదిలో దారం ఎక్కించి నాలుగు కుట్లు వేసిందో లేదో, మంచం మీది నుంచి గట్టిగా కేక వినబడింది.

"అంత ఎడం ఏంది అమ్మాయ్? దగ్గరగా ఎయ్యి!"

ఐదు నెలల్లో పేరమ్మ ఆ ఇంట్లో ఒకరిని కసురుకోవడం అదే మొదలు. కన్నీళ్లకు సూది కనపడక, అనూష ఆ కుట్లు మెల్లగా విప్పి మళ్లీ మొదలుపెట్టింది.