ఎల్లమ్మ పలక పట్టిన పదిహేను రోజులు

దాజీ పేట్‌లో ఆ పొద్దు కూడా రోజులాగే తెల్లవారింది. వెంకటేశ్ సద్ది కట్టించుకుని మిల్లుకు పోయాడు. అతని తల్లి ఎల్లమ్మ తడిగుడ్డలోంచి తునికాకు తీసి, చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టడానికి కూర్చుంది. ఎదురుగా కోడలు యశోద. రెండు వారాలుగా ఆ ఇంట్లో మాటలంటే పలక దగ్గర పడే చీవాట్లే.

గొడవంతా పేటలో చదువు చెప్పే సుందరాబాయి కొంతం చౌక్ దగ్గర పెట్టిన శిక్షణతో మొదలైంది. బీడీల ఆడవాళ్లు పని వదిలి బడికి రాలేరు కనుక, వాళ్ల ఇళ్లకే పోయి ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని చదువు చెప్పేవాళ్లను ఆమె తయారు చేస్తోంది. నాలుగో తరగతి చదివిన యశోద మధ్యాహ్నాలు అక్కడికి వెళ్లసాగింది. ఎల్లమ్మకు ఒళ్లు మండింది. కోడలు గడప దాటి పది ఇళ్లు తిరిగితే ఇక ఇంట్లో తన మాట వినేదెవరు? వద్దని అడ్డం పడితే కొడుకు ఒప్పుకోలేదు.

అప్పుడే ఆమెకో దారి దొరికింది. పరాయి ఇళ్లకు పంపే ముందు ఎవరైనా సరే సొంత ఇంట్లో ఒకరికి పదిహేను రోజులు చెప్పాలట. చివరి రోజు బాయి వచ్చి చూస్తుందట, నచ్చకపోతే పంపదట. ఎల్లమ్మ తానే కూర్చుంటానంది. కొడుకు మురిసిపోయాడు. పాపం, తల్లి కడుపులో ఏముందో అతనికేం తెలుసు! తనకు ఒక్క ముక్క రాకపోతే పంతులమ్మగారు ఇంట్లోనే పడి ఉంటుందని ఆమె ఎత్తు.

మొదటి వారం ఎల్లమ్మ కావాలనే వంకర గీతలు గీసింది. యశోద పలక లాక్కుని, తుడిచేసి, మళ్లీ ఆమె చేతిలో పడేసేది. తప్పేమిటో చెప్పేది కాదు. రెండో వారం వచ్చేసరికి ఎల్లమ్మకే పంతం పుట్టింది. తన పేరులోని మొదటి అక్షరం నిజంగానే రాయాలనిపించింది. సగం గీసేలోపే కోడలు పలక లాక్కునేది. యాభై దాటిన మనిషికి ఏడుపొచ్చేది. దాన్ని మింగి కోడలిని తిట్టేది.

ఆ పదిహేనో రోజు మధ్యాహ్నం సుందరాబాయి వచ్చింది. గోడకు ఆనుకుని కూర్చుని పాఠమంతా చూసింది. చివరికి పలక తీసి పక్కన పెట్టింది.

"ఏడుసార్లు గుంజుకున్నవ్ యశోదా. తప్పేందో ఒక్కసారన్నా చెప్పలే. నేను నేర్పింది గిదేనా? నిన్ను ఒక్క ఇంటికి గూడ పంప. గిట్ల నేర్పుడు ఎవరి దగ్గర నేర్చినవ్?"

యశోద తల వంచుకుంది. "ఎవరు నేర్పలే బాయీ. నాకే చాతకాలే."

ఎల్లమ్మ గెలిచింది. కానీ సంతోషం రాలేదు. పదిహేనేళ్ల పిల్లగా ఈ ఇంటికి వచ్చిన యశోద కళ్ల ముందు మెదిలింది. మగ్గం ఇంటి పిల్ల, బీడీ చుట్టడం ఎరుగదు. ఆ పిల్ల చుట్టిన ప్రతి బీడీనీ తాను లాక్కుని, విప్పి, తంబాకు చాటలో దులిపి, ఆకు మొహాన కొట్టేది. ఏం తప్పో ఏనాడూ చెప్పలేదు. ఆ పిల్ల కిక్కురుమనకుండా మరో ఆకు తీసుకునేది. ఇప్పుడు యశోద అత్త పేరు చెబితే చాలు, తప్పు తన మీద నుంచి పోతుంది. అయినా చెప్పలేదు. ఎల్లమ్మకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"అబద్ధమాడుతున్నది బాయీ," అంది. "గిట్ల నేర్పుడు నా దగ్గరనే నేర్చింది. బీడీలు నేర్పేటప్పుడు నేను గుంజుకున్నట్టే గుంజుకుంటున్నది. ఇంకోటి. మొదటి వారం నేను కావాలనే తప్పు రాసిన. దీన్ని బయటికి పోనియ్యొద్దని."

సుందరాబాయి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. మరో పదిహేను రోజుల తర్వాత వస్తానని, అప్పుడూ ఇలాగే ఉంటే ఇక రానని చెప్పి వెళ్లిపోయింది.

యశోద మనసేమీ కరగలేదు. అత్త కళ్లలోకి సూటిగా చూసింది, పెళ్లయ్యాక మొదటిసారి.

"నువ్వు నా చేతిల బీడీ గుంజుకున్నప్పుడల్లా నాకెట్లుండెనో నీకెరుకనా అత్తా?"

"ఎరుక లేకుండె బిడ్డా," అంది ఎల్లమ్మ. "నువ్వు పలక గుంజుకున్నంక ఎరుకైంది."

ఆరేళ్లుగా వంటింటి మూలన దాచుకున్న ఏడుపంతా యశోద ఆ పూట అత్త ముందే ఏడ్చింది.