పచ్చదీపం వెలిగితే

ముసలి గురువులు నడుముకు కట్టిన పొట్టపలుకు పట్టీ పొద్దుటి నుంచీ ఎర్రగా వెలుగుతోంది. “పేగు కదలడం లేదు. నొప్పి పెరుగుతోంది,” అని ఆ పట్టీలోంచి మెత్తని గొంతు పదేపదే చెబుతోంది. అతను మాత్రం మంచం మీద కూర్చుని, వాకిలి వైపు చూస్తూ కాళ్ళు ఊపుతున్నాడు.

అరవై దాటినా గురువులుది పసివాడి బుద్ధి. పూర్వం కడుపు నొస్తే చెప్పడం రాక గోడకు తల కొట్టుకునేవాడు. అలాంటివారి కోసమే ఈ పట్టీ వచ్చింది. పేగుల సడి విని, వారి బదులు అదే మాట్లాడుతుంది. విజయనగరం దగ్గర అతనుండే వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళందరి నడుములకూ అదే.

అక్క పారమ్మ కొంగున ముడివేసుకున్న, ఆ పట్టీ సంగతి తెలిపే కబురుబిళ్ళలో రోజూ పచ్చదీపం వెలిగేది. తమ్ముడి కడుపు చల్లగా ఉందన్నమాట. వారం వారం ఆముదం సీసాతో వచ్చి అతని పొట్ట నిమిరే మనిషి, ఆ దీపాన్ని నమ్ముకుని రావడం మానేసింది. ఎర్రదీపం వస్తే మాత్రం పరుగెత్తుకొచ్చేది. ఈమధ్య అది తరచుగా వస్తోంది.

“మందులేవీ పనిచేయట్లేదమ్మా,” అంది నర్సు రెజీనా. “లోపల అడ్డేమీ కనబడలేదు. రేపటికీ ఇలాగే ఉంటే ఆపరేషనే అంటన్నారు డాక్టరుగారు. ఈ వయసులో తట్టుకోగలడో లేదో.”

పారమ్మ గుమ్మంలో చెప్పులు విడిచి తమ్ముడి పక్కన కూర్చుంది. తడిమితే అతని పొట్ట రాయిలా ఉంది.

“దొడ్డికెల్దాం, లెగరా.”

“ఎల్లను.”

“నొప్పెట్టడం లేదేటి?”

“నొప్పే.”

“మరేటిరా నీ మొండి?”

గురువులు గుమ్మంలోని చెప్పులు చూపించాడు. “పచ్చొస్తే అక్క ఎలిపోద్ది.”

రెజీనా పట్టీ వైపు చూసింది. “ఇన్నాళ్ళూ బిగబట్టుకున్నాడా? ఇది పేగుల మాటే వింటాదమ్మా...” అని ఆగిపోయింది.

ఆశ్రమంలో ఆముదం లేదు. రెజీనా వంటింట్లోంచి నువ్వులనూనె వెచ్చచేసి తెచ్చింది. పారమ్మ పట్టీ పైకి జరిపి, తమ్ముడి బొడ్డు చుట్టూ మెల్లగా నిమిరింది. గురువులు నవ్వాడు. మూలిగాడు. ఇక ఆపుకోలేక లేచి, గబగబా దొడ్డికి పోయాడు.

చాలాసేపటికి వచ్చాడు. రెండు అరచేతులతో పట్టీని గట్టిగా మూసుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి పచ్చటి వెలుగు కనిపిస్తోంది.

“ఎర్రదే అక్కా,” అన్నాడు.

“పేగులు సవ్యంగా ఉన్నాయి,” అంది పట్టీ.

పారమ్మ లేచింది. గురువులు ముఖం వాడిపోయింది. ఆమె గుమ్మం దాకా వెళ్ళి, చెప్పులు తెచ్చి, అతని మంచం కిందకు తోసేసింది.

“పచ్చదేరా. చూసాను,” అని పక్కన కూర్చుంది.