తీగల టోపీ సాక్షి

మెదడు తరంగాలు రికార్డు చేసే గదిలో ప్రొఫెసర్ కుర్చీలోంచి పక్కకు ఒరిగిపోయాడు. సైలెన్సర్ తుపాకీ కావడంతో పక్క గదికి కూడా చప్పుడు వినిపించలేదు.

"చూసినవాడు ఒక్కడే," అన్నాడు చీఫ్, ఫొటో ముందుకు తోస్తూ. "కాలేజీ కుర్రాడు. స్కిజోఫ్రెనియా ఇప్పుడిప్పుడే మొదలైంది. కాల్చినవాళ్లు తెల్లకోటు వేసుకున్నారంటాడు. పిచ్చిమాటలని పోలీసులు కొట్టిపారేశారు. ప్రొఫెసర్‌ని చంపించిన విదేశీ ముఠా మాత్రం సాక్షిని అలా వదలదు."

"అయితే వాడు బతకాలి. అంతేగా?" అన్నాడు ఏజెంట్ తాబేలు. దేనికీ తొందరపడడు కనుక సర్వీసులో అతనికా పేరు.

"పరీక్షలకని వాణ్ణి ఇంకా ల్యాబ్‌లోనే ఉంచారు. ముఠాలో మన డబుల్ ఏజెంట్ కూడా అక్కడే ఉంది. డాక్టర్. కోడ్ చెప్తే పలుకుతుంది."

మధ్యాహ్నానికల్లా తాబేలు ఏసీ మెకానిక్ వేషంలో ల్యాబ్ చేరాడు. బయట బెంచీ మీద కుర్రాడి అక్క. "మా తమ్ముణ్ణి ఎప్పుడు పంపిస్తారండీ?" అంది. అతను టూల్‌బాక్సు పట్టుకుని లోపలికి నడిచాడు.

"ఏసీ మొరాయించిందా?" అంటూ కోడ్ మాట వదిలాడు.

"పొద్దుట్నుంచీ ఉక్కిరిబిక్కిరి!" అంది తెల్లకోటులో ఉన్న డాక్టర్. ఆ అందానికి, ఆ నవ్వుకు ఎవరైనా పని మర్చిపోవాల్సిందే.

తీగల టోపీతో, ఇయర్‌ఫోన్లతో కుర్రాడు బిగుసుకుని కూర్చున్నాడు. బీప్, బీప్, బీప్... ఉన్నట్టుండి వేరే శబ్దం. స్క్రీన్ మీద గీత ఎగిసింది.

"కొత్త శబ్దానికి మెదడు ఉలిక్కిపడితే గీత లేస్తుంది. ఈ జబ్బులో అంత లేవదు," గుసగుసగా అంది. "వీడిది చూశారుగా! జబ్బూ లేదు, గిబ్బూ లేదు. అంతా నాటకం. హంతకుడు వీడే."

తాబేలు ఆమె వైపు తిరిగాడు. ఆ తేడా ఎంతోమంది సగటులో తేలేది. ఒక్కడి గీత చూసి జబ్బుందనీ లేదనీ తేల్చకూడదు. ప్రొఫెసర్ తన దగ్గరికొచ్చిన ప్రతివాడికీ మొదట నూరిపోసే పాఠమదని తాబేలు ఫైల్లో చదివాడు. అతని దగ్గర నిజంగా పనిచేసిన డాక్టరెవరూ ఈ మాట అనరు. అంటే ఈమె ముఠా మనిషే.

"తీగల కింద పెట్టిన జెల్ ఎండిపోయింది," అంటూ ఆమె టోపీ రంధ్రంలోకి సిరంజి దించబోయింది. జెల్ పెట్టేది మొండి సూదితో. ఇది మొనదేలి తళుక్కుమంది.

కుర్రాడు అరవడం లేదు. అరిస్తే ఎవరు నమ్ముతారు?

తాబేలు వాచీ బటన్ నొక్కాడు. మత్తు సూది ఆమె మణికట్టులో దిగింది. సిరంజి కుర్రాడి జుట్టును రాసుకుంటూ జారి నేల మీద పగిలింది. ఆమె దాని పక్కనే కూలబడింది.

కుర్రాడు ఇయర్‌ఫోన్లు లాగేశాడు. "నన్ను చంపడానికి చూస్తున్నారని ఎంత మొత్తుకున్నా మా అక్క కూడా నమ్మలేదండీ."

"ఈసారికి నీ మాటే నిజం, తమ్ముడూ," అన్నాడు తాబేలు అతని తీగల టోపీ విప్పుతూ. "అలాగని మాత్రలు మానేయకు."