వాల్ నేరా వాలు కింద పన్నెండు మంది

మంచుచరియ కింద చచ్చినవాడి నోట్లో మంచు ఉంటుంది. ప్లాసి డెఫ్లోరిన్ నోట్లో లేదు.

నిఘా శాఖ ఏజెంట్ ఫ్లురిన్ కడోనౌ, మంచులోంచి తీసి ఇంటికి చేర్చిన శవం పక్కన మోకాళ్ల మీద కూర్చుని మరోసారి చూశాడు. చెవి వెనక సూది గుచ్చిన ఎర్రటి చుక్క.

ముప్పై ఏళ్లుగా వాల్ నేరా లోయలో మంచు కొలిచేది ప్లాసీయే. తెల్లవారకముందే పైకెక్కి, గొయ్యి తవ్వి, పొరలు పరీక్షించి, ఏడున్నరకల్లా వాతావరణ ఆఫీసుకి ఫోన్ చేసేవాడు. మర్నాడు ఏ వాలు మీద ఎంత ప్రమాదమో దాన్ని బట్టే సాయంత్రం రేడియో బులెటిన్‌లో చెప్పేవారు.

"ఎన్నింటికి పోయాడు?"

"ఆరులోపే," అన్నాడు డాక్టరు.

"ఏడున్నరకి ఫోన్ చేశాడట. గొంతు ఆయనదేనట. ప్రమాదం తక్కువ అన్నాడట."

గుమ్మంలో నిలబడ్డ ప్లాసి భార్య మెంజియా చివాలున తలెత్తింది. "తక్కువా? నిన్న సూప్ తాగుతూ ఏమన్నాడో తెలుసా నాయనా? పైన మంచు పలక గట్టిగా ఉంది, అడుగున అంతా పంచదారలా పొడిపొడి, ఆ వాలు కింద కుక్క కూడా నడవకూడదన్నాడు. ఒక్క రాత్రిలో మాట మారుస్తాడా మా ఆయన?"

ఫ్లురిన్‌కి అర్థమైంది. టేపు. ముసలాయన పాత మాటల్ని ముక్కలు కోసి, అతికించి, ఫోన్‌లో వినిపించారు.

మధ్యాహ్నం హోటల్ భోజనశాలలో చీఫ్ జుబర్ అతని కోసం ఎదురుచూస్తున్నాడు. పక్కన తెల్లటి బొచ్చుకోటులో ఒక అందగత్తె.

"కూర్చోవయ్యా. ఈవిడ మిరేలా. అవతలి దేశం వాళ్ల జీతం తింటూ మనకి కబుర్లు చేరవేస్తుంది."

ఆమె చెయ్యి చాపింది. ఫ్లురిన్ అందుకున్నాడు. మెత్తగా, వెచ్చగా ఉంది.

జుబర్ గొంతు తగ్గించాడు. "మన దగ్గరికి పారిపోయి వచ్చిన రాకెట్ ఇంజనీరు హాల్మోస్‌ని చంపాలని వాళ్ల ప్లాన్. స్కీయింగ్ బృందంతో పాటు వాలు అవతలి గుడిసెలో దిగాడని వాళ్లకి తెలిసింది. రేపు తొమ్మిదిన్నరకి బృందం ఆ వాలు కింద నుంచే రావాలి. పైన మందుపాతర పెట్టేశారు. మీట నొక్కితే కొండ కూలుతుంది. నేరం మంచు మీదకి పోతుంది."

"అయితే సాయంత్రం బులెటిన్ మార్పించండి సార్. గుడిసెలో ఫోన్ లేదు గానీ రేడియో వింటారు."

"అక్కర్లేదు. హాల్మోస్‌ని మొన్ననే మరోచోటికి మార్చేశాం. గుడిసెలో అతని బదులు, అతని ఎర్రటోపీ పెట్టుకుని బట్టల కొట్టు గుమాస్తా ఒకడున్నాడు. లాటరీలో విహారయాత్ర తగిలిందని మురిసిపోతున్నాడు, వెర్రి నాగన్న." జుబర్ నవ్వాడు. "హాల్మోస్ పోయాడనుకుంటే వాళ్లిక వెతకరు."

"పన్నెండు మంది ఉన్నారు సార్ అక్కడ."

"మంచు కూలితే మనమేం చేస్తామయ్యా? నువ్వు ఈ హోటల్ దాటి కదలకు. ఇది ఆర్డర్."

మిరేలా చేపలోంచి ముళ్లు ఒక్కొక్కటే తీసి పళ్లెం అంచున పేరుస్తోంది. "పాపం, ఆ ముసలాయన చాలా మంచివాడు. చలిగా ఉందంటే తన ఫ్లాస్కులో కాఫీ పోసిచ్చాడు," అంది.

పదకొండేళ్ల సర్వీసులో ఫ్లురిన్ చాలా చూశాడు. భోజనం బల్ల దగ్గర ఇంత నిమ్మళంగా కూర్చున్న కుళ్లు మాత్రం చూడలేదు. బయటికొచ్చి గుప్పెడు మంచు తీసుకుని చేతులు రుద్దుకున్నాడు. ఆమె చేతి వెచ్చదనం వదల్లేదు.

మర్నాడు పొద్దున్నే తెల్లటి ముసుగు దుస్తులు వేసుకుని, హోటల్ వెనక మెట్ల మీదుగా బయటపడ్డాడు. వాలు జోలికి పోకుండా పక్క రాతిగట్టు పట్టుకుని ఎక్కాడు. సగం దూరంలో ఆగి, అంచున పార దించి చూశాడు. ప్లాసి చెప్పినట్టే ఉంది. పైన మూడడుగుల పలక, కింద చేతిలో నిలవని పొడి. పిడికిలితో తడితే చాలు, దిమ్మ జారి అతని ఒళ్లో పడింది.

శిఖరం మీద మిరేలా ఒక్కతే ఉంది. ఒళ్లో సిగరెట్ పెట్టె అంత రేడియో మీట. చాక్లెట్ తింటోంది.

"వస్తావనుకున్నాను," అంది, రివాల్వర్ చూసి కూడా జంకకుండా. "మీ చీఫ్‌కి అన్నీ తెలుసు."

"నాకూ తెలుసు. అది ఇలా ఇవ్వు."

"నాలుగు నిమిషాలు ఆగవయ్యా. అందరూ వాలు మధ్యలోకి రానీ. మావాళ్లకి శవం, మీవాళ్లకి ఇంజనీరు. నీకు ప్రమోషన్. ఎవరికి నష్టం?"

కింద ఎవరో పాట అందుకున్నారు. చెట్ల చివర నుంచి బృందాన్ని నడిపే గైడ్ బార్లా బయటికొస్తోంది. ఆమె వెనక వరసగా మనుషులు. వాలు అంచుకి ఇంకా యాభై అడుగులు. అరిస్తే ఎదురుగాలి మింగేస్తుంది. మీట లాక్కుంటే? పలక దానంతటదే కూలడానికి పన్నెండు జతల స్కీలు చాలు.

నలభై అడుగులు.

ఫ్లురిన్ ఆమె మణికట్టు మెలిపెట్టి మీట లాక్కున్నాడు. నొక్కేశాడు.

భూమి లోపల ఎవరో తలుపు మూసినట్టు చప్పుడైంది. మంచు మీద నల్లటి గీత అటు నుంచి ఇటు పరుగెత్తింది. ఆపైన కొండ మొత్తం కదిలింది. తెల్లటి ధూళి లేచి చెట్లని, మనుషుల్ని, పాటని కప్పేసింది.

అతను ఊపిరి బిగబట్టి లెక్కపెట్టాడు. ధూళిలోంచి ఒక తల. మూడు. ఏడు. పదకొండు. చాలాసేపటికి, దగ్గుకుంటూ, ఎర్రటోపీ.

"పైన ఎవడ్రా అది!" బార్లా గొంతు కొండంతా మోగింది. "బుద్ధుందా నీకు? మమ్మల్ని చంపేద్దామనుకున్నావా?"

ఫ్లురిన్ అక్కడే మంచులో కూలబడ్డాడు.

మిరేలాకి బేడీలు వేసి కిందకి దించాడు. సాయంత్రానికి జుబర్ ఆ బేడీలు తీయించి, మొదటి తరగతి టికెట్ ఇచ్చి రైలెక్కించాడు. ప్లాసి మరణం రికార్డులో ప్రమాదంగానే మిగిలింది. ఫ్లురిన్ మెంజియా వంటింట్లో కూర్చుని ఉన్న నిజమంతా చెప్పాడు. ఆమె, "వాళ్లకి అన్నం ఎలా సయిస్తుంది నాయనా?" అని మాత్రం అడిగింది.

వారం తర్వాత డిస్మిస్ ఆర్డర్ వచ్చింది. నేరం ఒక్క వాక్యంలో టైపు చేసి ఉంది: అనుమతి లేకుండా మంచుచరియ కూల్చుట.

ఫ్లురిన్ రెండుసార్లు చదివి సంతకం పెట్టాడు. పదకొండేళ్లలో జుబర్ ఆఫీసు నుంచి వచ్చిన కాగితాల్లో ఒక్క అబద్ధం కూడా లేనిది అదొక్కటే.