నిలిపిన వంతు

కందరాపురంలో గానుగ గురవమ్మ చెప్పిన మాట ఇది. ఆవిడ కూడా కళ్ళారా చూసింది కాదు. కట్టెలకు పోయిన మరిది చెబితే విన్నదట. కొండమీది పందెపు బండపై రాజుగారి వీరులంతా ఎత్తిన కత్తి ఎత్తినట్టే రాళ్ళయి నిలబడ్డారట. వరసలో చివరివాడు నీరటి కొడుకు సోమన్నేనట. తెరిచిన నోరు తెరిచినట్టే ఉందట, పాపం! ఆ మాట నాలుగిళ్ళు దాటి సోమన్న చెల్లెలు నాంచారి చెవిన పడేసరికి, వాడి గడ్డం మీద పాచి పట్టిందన్నదాకా పెరిగింది.

రాజ్యానికి వచ్చిన కష్టం చిన్నది కాదు. చిత్రవాహిని పుట్టేచోట ఉగ్రదంష్ట్రుడనే రాక్షసుడు తిష్ఠ వేసి, ఏటిని కొండ గుహలోనే బంధించాడు. కాలువలు ఎండాయి. పైరు నిలువునా మాడింది. ఏ మడికి ఏ వంతులో నీళ్ళు వదలాలో చూసే నీరటి, పంచడానికి నీళ్ళు లేక, పార భుజాన వేసుకుని ఒట్టి గట్ల మీద తిరుగుతున్నాడు. వీరుల సామాను మోయడానికి వెళ్ళిన కొడుకు ఇక రాడని తెలిశాక ఆ తిరగడం కూడా మానేశాడు.

"అయ్యా, నేను పోతున్నా" అంది నాంచారి.

"పోయి ఏం చేస్తావే? కత్తులు పట్టినోళ్ళకే దిక్కులేదు."

"ఏం చెయ్యాలో అక్కడ చూస్తా. అన్న ఎండలో నిలబడి ఉన్నాడంటున్నారు గదా."

రాళ్ళు విసిరి పిట్టల్ని తోలే ఒడిసెల నడుముకు చుట్టుకుంది. చద్దిమూట కట్టుకుంది. అడవి మొదట్లో ఆమెకు యువరాజు అమరకేతుడు ఎదురయ్యాడు. ముసలి రాజు వద్దంటున్నా వినక ఒంటరిగా బయలుదేరి వచ్చినవాడతను. ఇద్దరి దారీ ఒకటే కాబట్టి కలిసి నడిచారు.

కొండ మొదట్లో ఒక ముని గంజి కాచుకుంటూ కనిపించాడు. వచ్చిన పని విని, పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ అన్నాడు:

"రాక్షసుడి ఒళ్ళంతా ఇనుము. మాంసం ఉన్నది నాలుక ఒక్కటే. అక్కడ తగిలితే చస్తాడు. కానీ పైనున్నది మామూలు నేల కాదు. గవ్వలు వేసి ఎవరు ముందో ఎవరు వెనకో తేల్చుకోవాలి. తన వరస వచ్చినప్పుడు 'నా వంతు' అని నోటితో అనందే ఎవరి కాలూ చెయ్యీ లేవదు. వంతుకు ఒక్క పనే. వాడు తన వంతులో నోరు తెరిచి 'రాయివి కా' అంటాడు. ఇతరుల వంతులో మూసిన పెదవి విప్పడు."

యువరాజు చటుక్కున లేచి కత్తి సవరించుకున్నాడు.

"కూర్చో నాయనా. నీకు ముందు వచ్చినవాళ్ళంతా సరిగ్గా ఇక్కడే లేచారు. అసలు మాట ఇంకా ఉంది. వంతు వచ్చినప్పుడు దాన్ని వాడకుండా నిలుపుకోవచ్చు. ఫలానా గుర్తు కనబడితే ఫలానా పని చేస్తానని అందరూ వినేట్టు చెప్పాలి. గుర్తు రాగానే, అది ఎవరి వంతైనా సరే, నీ చెయ్యి ముందు లేస్తుంది. వరస తిరిగి నీ దగ్గరకు వచ్చేలోగా గుర్తు రాకపోతే మాత్రం ఆ నిలుపు చెల్లదు. మళ్ళీ చెప్పుకోవాలి."

"వంతు వచ్చాక ఆగిన చెయ్యి మా వంశంలో లేదు స్వామీ. దాన్ని పిరికితనం అంటాం" అన్నాడు అమరకేతుడు.

"మా కాలవ మీద అది రోజూ ఉండేదే దొరా" అంది నాంచారి. "పై మడిలో నీళ్ళు గట్టు తాకినప్పుడు నా గండి తీస్తానని చెప్పి, పార ఆనించుకుని కూర్చుంటాం. తొందరపడి తీస్తే సగం నీళ్ళు దారిలోనే ఇంకిపోతాయి."

ముని ఆమె వైపు తేరిపార చూసి, చెరో దొప్ప గంజి పోశాడు.

కొండ నడుమ సన్నని అంచు దారి. దానికి కాపలా ఏనుగంత గద్ద. బండ కట్టుబాటే అక్కడా. యువరాజు తన వంతులో కత్తి విసిరితే అది గద్ద ఈకల మీద జారిపోయింది. నాంచారి ఒడిసెలలో రాయి పెట్టి, "నా వంతు. నిలుపుతున్నా. రెక్క కదిలితే కొడతా" అంది. గాలికి రెక్క అంచున ఒక్క ఈక లేచింది. అంతే, ఆమె చెయ్యి ఆమె మాట వినకుండా విసురుగా తిరిగి, రాయి దండగగా లోయలో పడింది. మరుక్షణం గద్ద 'నా వంతు' అని అరిచి యువరాజు భుజం చీల్చుకుపోయింది.

"నిలుపు నిలుపు అన్నావు! ఇదేనా?" అన్నాడతను పళ్ళ బిగువున.

"తప్పు నాదే దొరా. గట్టు తాకినప్పుడు అనాల్సింది, నీళ్ళు కదిలినప్పుడు అన్నాను."

మళ్ళీ వంతు వచ్చినప్పుడు "గోళ్ళు చాచి నా మీదికి దూకినప్పుడు" అని చెప్పింది. గద్ద దూకింది. రాయి దాని కళ్ళ నడుమ తగిలింది.

బండ మీదికి చేరేసరికి ఎండ మండుతోంది. రాతి మనుషులు బారుగా నిలబడి ఉన్నారు. చివర్లో సోమన్న. గురవమ్మ మాట అబద్ధం కాదు; గడ్డం మీద నిజంగానే పాచి ఉంది. నాంచారి అటు ఒక్కసారి చూసి, మళ్ళీ చూడలేదు. చూస్తే గురి తప్పుతుందని ఆమెకు తెలుసు.

గవ్వలు పడ్డాయి. ముందు యువరాజు, తరువాత నాంచారి, ఆఖరున రాక్షసుడు. యువరాజు కొట్టిన దెబ్బకు ఇనుప రొమ్ము ఖంగుమంది. కత్తి అంచు విరిగింది.

"నా వంతు" అంది నాంచారి. "నిలుపుతున్నా. నీ నాలుక కనబడితే రాయి విసురుతా."

ఉగ్రదంష్ట్రుడి పెదవులు నవ్వబోయి, ఠక్కున మూతబడ్డాయి. వాడి వంతు వచ్చింది. 'నా వంతు' అనాలంటే నోరు తెరవాలి. వాడు తెరవలేదు. వంతు దాటిపోయింది. మళ్ళీ యువరాజు కొట్టాడు, మళ్ళీ నాంచారి నిలిపింది, మళ్ళీ వాడు మూగవాడయ్యాడు. ఎన్ని చుట్లు తిరిగాయో లెక్క లేదు. పొద్దు వాలింది. ఒడిసెల పట్టిన చెయ్యి మొద్దుబారింది. వాడి కళ్ళు మాత్రం ఆమెనే చూస్తున్నాయి. ఈ పిల్ల ఒక్కసారి అలసి, ఒక్క చుట్టు నిలుపు చెప్పడం మరిస్తే చాలు!

"గుర్తు వాడికి వినబడేట్టు చెప్పావు. ఇంకెలా తెరుస్తాడు?" అన్నాడు యువరాజు.

"చెప్పకపోతే నిలవదు గదా. దొరా, ఈసారి కొట్టకండి."

"మరేం చెయ్యను?"

"మీ పక్కనున్న నా చద్దిమూట విప్పుకు తినండి."

అమరకేతుడు విరిగిన కత్తి వంక చూశాడు, రాతి వీరుల వంక చూశాడు. ఆ చేతులన్నీ పైకి లేచే ఉన్నాయి. అతని మొహం ఎర్రబడింది. "నా వంతు" అని గొణిగి, కత్తి కింద పెట్టి, బాసింపట్టు వేసుకుని మూట విప్పాడు. మాగాయ వాసన బండంతా కమ్మింది. రాక్షసుడి పెదవుల సందు నుంచి చొంగ కారింది. అయినా వాడు బిగబట్టాడు. తరువాతి చుట్టులో యువరాజు చద్దన్నం ముద్ద నోట్లో పెట్టుకుని, ఉల్లిపాయ కరకరా కొరికాడు.

నాంచారి మళ్ళీ నిలుపు చెప్పింది. రాక్షసుడి వంతు వచ్చింది. "నా..." అని వాడి నోరు తెరుచుకుంది.

రాయి నాలుక మీద పడింది. కొండ కూలినట్టు వాడు కూలాడు. గుహ పగిలి చిత్రవాహిని హోరుమంటూ బయటపడింది. తుంపర పడ్డ ఒక రాతి వేలు కదిలింది.

ఆ నీళ్ళు దోసిట పట్టి, నాంచారి బారు మొదటి నుంచి ఒక్కొక్క రాతి తల మీద పోస్తూ వచ్చింది. పోసినవాడల్లా ఊపిరి పీల్చుకుని కూలబడుతున్నాడు.

"ముందు మీ అన్నకు పొయ్యరాదా?" అన్నాడు యువరాజు.

"వరసలో వస్తాడు" అంది. అంటూనే మళ్ళీ దోసిలి ముంచింది.

చివరి దోసిలి సోమన్నది. వాడు కళ్ళు చిట్లించి చూసి, "నువ్వేందే ఇక్కడ? అయ్యకు కూడెవరు పెడుతున్నారు?" అన్నాడు. నాంచారి చెల్లెలిగా వాడి వీపున ఒక్కటి చరిచి, అప్పుడు ఏడ్చింది.

రాజధానిలో కొలువు తీరింది. యువరాజుకు పట్టం కట్టారు. సింహాసనం ఎక్కుతూనే అతను చెప్పిన మొదటి మాట, ఇకపై సేనకు దళవాయి నాంచారి అని. ఇంతవరకు దళవాయిగా ఉన్న భైరవరాయుడు మీసం దువ్వుతూ లేచాడు.

"మహారాజా! పగలంతా రాయి పట్టుకుని ఊరికే నిలబడడం యుద్ధమా? వీరుడనేవాడు ముందు కొడతాడు. ఏమమ్మా, ఏమంటావు?"

నాంచారి చెప్పింది:

"మీరు ముందే కొట్టారు బాబుగారూ. ఎత్తిన రాతి చెయ్యి గదా, మీ చంకలో పిచ్చుక గూడు పెట్టుకుంది. నీళ్ళు పొయ్యబోయే ముందు, పిల్లలు చస్తాయని, నేనే తీసి పక్కన పెట్టాను."