పంపుడు దరువు లేని పాట

...అక్కడి నుంచి కాదమ్మా మాధవీ, మిట్టమధ్యాహ్నం నుంచి రాయి. ఆ పూట పొగమంచు కొండ దిగి వచ్చి డుంబ్రిగుడ సంతను మింగేసింది. పట్టపగలే గుడ్లగూబ అరిచింది... అప్పుడే పాత కాఫీ షెడ్డులోంచి నా తుడుము డప్పు దరువు మోగింది. తుడుము నా భుజానే ఉంది. నేను కొట్టడం లేదు.

ఆ షెడ్డులో ధనరాజు మెటల్ పాటల ఆల్బమ్ చేస్తున్నాడు. వైజాగ్ బ్యాండు. గిటారు నీ అన్న కామేష్‌ది. తీగలు వదులు చేసి బండలు దొర్లినట్టు వాయిస్తారు, రెండు కాళ్లతో డ్రమ్మును వడగళ్లలా కొడతారు, ధనరాజు గొంతు చీల్చుకుని బొబ్బరిస్తాడు. అంతవరకు వాళ్లిష్టం. కానీ విన్నవాళ్లంతా తనకు బానిసలవ్వాలని వాడు క్షుద్రవిద్య పట్టాడు. దానికి చచ్చినవాడు కావాలి.

పోయిన ఏడు చనిపోయిన మన ఊరి సుక్రుకి మొన్న దినం చేశాం కదా, ఆనాటి నా దరువును కామేష్ చేత దొంగచాటుగా రికార్డు చేయించాడు. మన దరువు రెండు ముక్కలు. పిలుపు దరువు చచ్చినవాణ్ని అన్నానికి పిలుస్తుంది. తిన్నాక పంపుడు దరువు సాగనంపుతుంది. పిలిచిన చెయ్యే పంపాలి. ఆ దుర్మార్గుడు పంపుడు కోసేసి, పిలుపునే ప్రతి పాటలో తిప్పి తిప్పి పెట్టాడు.

నేను వెళ్లేసరికి స్పీకరు మీద గొయ్యి తవ్వి తెచ్చిన సుక్రు పుర్రె... కుంకుమ, కోడి నెత్తురు. వాళ్లకు అన్నం పట్టుకెళ్లిన మీ అమ్మ రత్నాలు నేల మీద విల్లులా వంగిపోయి ఉంది. ముక్కులోంచి రక్తం. ఆమె నోట సుక్రు గొంతు.

"పిలిసినావు. కూడేది? పంపేవోడేడి?"

ధనరాజు ఆ నోటికి మైకు పెట్టి నవ్వుతున్నాడు. పంపుడు ఎందుకు కోశావని అడిగాను.

"అది ముసలెద్దు నడక తాతా. మెటల్‌కి పనికిరాదు."

ఆ పాట తిప్పుతున్న మిషన్ తీగ పీకబోతే నన్ను తోసేశాడు. మిషన్ ఆపరా అంటే కామేష్ తల దించుకున్నాడు. కన్నతల్లి కొట్టుకుంటుంటే! నేను పంపుడు కొట్టాను. సుక్రు కదిలాడు... మిషన్ మళ్లీ పిలిచింది. మళ్లీ కొట్టాను, మళ్లీ పిలిచింది. రత్నాలు ఊపిరి సన్నగిల్లుతోంది. ధనరాజు మైకు తన నోటికి తిప్పుకుని పాట అందుకున్నాడు.

వచ్చినవాడికి తెరిచిన నోరు కావాలి. ఈసారి సుక్రు కదిలిన క్షణంలో నా తలపాగా విప్పి రత్నాలు నోరు కట్టేశాను. మిషన్ పిలిచింది. అక్కడ తెరిచి ఉన్న నోరు ఒక్కటే... మైకులో బొబ్బరిస్తున్న ధనరాజుది.

ఆ కేకకు షెడ్డు రేకులు లేచాయి. అందులో సగం ధనరాజుది, సగం సుక్రుది. కాసేపటికి సగమే మిగిలింది. అది ధనరాజుది కాదు. గొంతులోంచి నెత్తురు చిమ్మి, పుర్రె పక్కనే పడి చచ్చాడు. అప్పుడు మిషన్ తీగ పీకి, పంపుడు కొట్టి సుక్రును సాగనంపాను.

మీ అమ్మ బతికింది. కామేష్ మాత్రం ఆ పాటలున్న డిస్కు పట్టుకుని పారిపోయాడు. ధనరాజు జ్ఞాపకంగా ఆల్బమ్ విడుదల చేస్తాడట. వాడికి ఫోన్ చేసి ఇదంతా చదివి వినిపించు. ఈ చివరి మాట నేనన్నట్టే చదువు:

"గుంటడా, అది ఎవుడు పెట్టినా సుక్రు వస్తాడు. పిలిసింది నా సెయ్యి. ఈ సెయ్యి ఆడతన్నప్పుడే ఆ డిస్కు అట్టుకుని బేగి రా, అందులో పంపుడు కొడతాను. నాను పోయినాక పంపేవోడుండడు."