ఆమ్‌స్టర్‌డామ్‌లో అవ్వ

"అన్నా, నా ఫోన్లనేమో రేటు సగమే చూపిస్తున్నది. నువ్వేమో గింత చెప్తున్నవ్. మిగిలింది నీ కమీషనా?"

మా పరిచయం ఇట్లా మొదలైంది. ప్రేమ కథలంటే వానలో గొడుగు పంచుకోవడమో, బస్సులో చూపులు కలవడమో ఉంటుందంటారు. నా కర్మకు దొంగతనం అంటగట్టారు.

మొయినాబాద్ మెయిన్ రోడ్డు మీద నాది చిన్న టికెట్ల షాపు. పేరు జానీ. బస్సు, రైలు, విమానం అన్నీ చేస్తాను. ఈ పనిలో అలసట కంప్యూటర్ వల్ల రాదు, ఎదుటి కుర్చీలో కూర్చునే మనుషుల వల్ల వస్తుంది. అందరూ ఇంట్లోనే ఫోన్‌లో రేటు చూసుకుని, నన్ను పట్టుకోవడానికే వచ్చినట్టు వస్తారు. ఆ రోజుకు నాకు కోపం తెచ్చుకునే ఓపిక కూడా మిగల్లేదు.

"చూపియ్యిండ్రి మేడం" అన్నాను.

ఆమె ఫోన్ బల్ల మీద పెట్టి కుర్చీలో వెనక్కి వాలింది. మెడలో దవాఖాన ఐడీ కార్డు. కృపాజ్యోతి, ల్యాబ్ టెక్నీషియన్. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది. కళ్ళ కింద నల్లగా, జుట్టు ఎక్కడికక్కడ రేగిపోయి ఉంది. నాకంటే అలసిపోయిన మనిషిని చూసి నాకెందుకో కొంచెం హాయిగా అనిపించింది.

"ఇది ఒక్క టికెట్ గాదు మేడం, రెండు ముక్కలు. ఆమ్‌స్టర్‌డామ్ దాకా ఒక కంపెనీ. ఆడికెల్లి సముద్రం దాటి టొరంటోకు ఇంకో చౌక కంపెనీ. వీళ్ళకు వాళ్ళకు సంబంధం లేదు. నడుమ దిగి పెట్టె తీసుకోని, బయటికి పోయి మల్ల లోపటికి రావాలె. బయటికి పోవాలంటే ఆ దేశం వీసా గావాలె. మొదటిది లేటయి రెండోది పోతే, పైసలు పాయె, మనిషి ఆడ్నే ఉండె. ఎవరు పోతున్నరు?"

"మా అవ్వ."

"ఒక్కతేనా?"

"నాకు సెలవు దొరకలేదు. ఒక్కతే."

"ఇంగ్లీష్ వస్తదా?"

"థాంక్యూ వస్తది."

కమీషన్ మాట అన్నందుకు సారీ చెబుతుందేమో అనుకున్నాను. చెప్పలేదు. టొరంటో ఎందుకో చెప్పింది.

ఆమె అవ్వ ప్రేమమ్మకు ఒక చెల్లెలు, సలోమమ్మ. నర్సు పనికని ఎప్పుడో కెనడా వెళ్ళి అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు ఆమెకు మతిమరుపు జబ్బు. మొదట వస్తువులు, తర్వాత దారులు, ఇప్పుడు మనుషుల పేర్లు పోతున్నాయి.

"అవ్వకు ఒక్కటే ఆశ. చెల్లె తనను మరిచిపోయే లోపల పోయి చూడాలె. ఇంకెన్ని దినాలు గుర్తుంటదో డాక్టర్లు చెప్తలేరు. మా దగ్గర పైసలు గూడ చౌక టికెట్‌కే ఉన్నయి" అంది కృపాజ్యోతి.

"అయితే ఒక్క టికెట్ మీద, పెట్టె సీదా టొరంటో పోయేటట్టు, వీల్‌చైర్ దొరికేటట్టు చూస్త. మధ్యల ఆగుడు ఎక్కువసేపు ఉంటది. ఎంత ఆగితే గంత చౌక."

"ఆగనీ. కానీ ఇయ్యాల బుక్ జెయ్యకు."

"ఎందుకు?"

"ఆదివారం చర్చిల ప్రార్థన జేయించాలె."

నేను కూడా చర్చి మనిషినే, షాబాద్ వాణ్ణి. కానీ వీళ్ళింటి పద్ధతి ఎక్కడా చూడలేదు. ట్రాక్టర్ కానీ, ఫ్రిజ్ కానీ, బర్రె కానీ, చేవెళ్ల చర్చిలో పాస్టర్ సాముయేలు గారు ప్రార్థించకుండా వీళ్ళు కొనరు. అదైనా ఊరికే కాదు. ఏది కొంటున్నారో పేరు పెట్టి చెప్పాలి. ఫలానా విమాన కంపెనీ, ఫలానా తేదీ అని.

"ఆదివారం దాకా రేటు ఆగదు మేడం."

"అవ్వ ఆగమంటున్నది."

అవ్వ ఆగింది. రేటు ఆగలేదు. సోమవారం సాయంత్రం కృపాజ్యోతి వచ్చేసరికి ఆ కంపెనీ రేటు ఎగిరిపోయింది. ఇంకో కంపెనీ దిగింది.

"ఇది తీసుకుందామా?" అన్నాను.

"దీనికి ప్రార్థన గాలేదు గద."

"మొన్న చేసింది దీనికి పనికిరాదా?"

"అవ్వ ఒప్పుకోదు. మొన్న పాస్టర్ గారు ఆ కంపెనీ పైలట్ల కోసం గూడ ప్రార్థన చేసిండు."

నాకు నవ్వొచ్చింది. ఆమెకూ వచ్చింది, కానీ నవ్వు సగంలోనే ఆవులింతగా మారిపోయింది. ఆ వారం నుంచే నన్ను 'అన్నా' అనడం మానేసిందట. నేను గమనించలేదు. అలసిపోయిన మనిషికి అన్నీ ఆలస్యంగానే తెలుస్తాయి.

తర్వాత ప్రతి సోమవారం అదే తంతు. ఒక కంపెనీ చౌకే కానీ రాత్రంతా ఆగాలి. ఇంకోటి రెండుచోట్ల దిగాలి. ఇంకోటి పెట్టెకు వేరే పైసలు, అన్నానికి వేరే పైసలు అంటుంది. కృపాజ్యోతి అన్నీ వినేది, ఫోన్‌లో ఫోటో తీసుకుని అవ్వకు చూపించేది, మరుసటి రోజు అవ్వ తీర్పు మోసుకొచ్చేది.

"పొద్దంత కూసోవాలంటే కూసుంటదట. చేవెళ్ల బస్టాండ్ల కూసోలేదా అంటున్నది."

"బస్టాండ్ల మిర్చీలు దొరుకుతయి. ఆడ దొరకయ్."

"జొన్నరొట్టెలు కట్టుకపోతదట."

ఒక సాయంత్రం మాట్లాడుతూ మాట్లాడుతూనే ఆమె కుర్చీలో నిద్రపోయింది. బయట బస్సుల హారన్లు, లోపల ప్రింటర్ గోల, ఏదీ ఆమెను లేపలేదు. వచ్చిన కస్టమర్లకు వేలితో సైగ చేసి బయటే మాట్లాడి పంపాను. లేచాక గడియారం చూసి, "లేపరాదా? బస్సు పాయె!" అని గయ్యిమంది. బండి మీద చేవెళ్లలో దింపాను. దిగాక మాత్రం, "మంచిగ పండుకున్న. మస్తు దినాలకు" అంది.

ఆ మాటకే నేను పడిపోయాను. చెప్పుకుంటే సిగ్గు, కానీ ఉన్నమాట అదే.

ఆ తర్వాతి సోమవారం ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నిద్రలేమి వల్ల కాదు.

"నిన్న వీడియో కాల్ చేసినం. చిన్నవ్వ మా అవ్వను చూసి, 'ఎవరీమె, కొత్త నర్సా?' అని అడిగింది. జర సేపటికి గుర్తువట్టిందనుకో. కానీ అవ్వ రాత్రి అన్నం తినలే." ఆమె బల్ల మీద తల పెట్టేసింది. "ఇంక నాతోని గాదు జానీ. దవాఖాన, ఇల్లు, నీ షాపు, మల్ల ఆదివారం. యాష్టకొచ్చింది."

నన్ను పేరు పెట్టి పిలిచింది. సంతోషించే సమయం కాదని తెలిసీ సంతోషించాను.

"వచ్చే ఆదివారం నేనే చర్చికి వస్త. ల్యాప్‌టాప్ తెస్త. పాస్టర్ గారు ఆమెన్ అనంగనే ఆడ్నే బుక్ జేస్త. ఫికర్ జేయకు."

అన్నట్టే వెళ్ళాను. చివరి బెంచీలో ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, చర్చి మొత్తం నా వంకే చూసింది. ఆమ్‌స్టర్‌డామ్ మీదుగా, ఒకే టికెట్, వీల్‌చైర్‌తో సహా, వాళ్ళకు అందే రేటులో ఒకటి దొరికింది. వివరాలన్నీ నింపాను. చివరి బటన్ ఒక్కటే మిగిలింది.

సాముయేలు గారు మొదలుపెట్టారు. కంపెనీ పేరు చెప్పారు. పైలట్లను ఆశీర్వదించారు. రెక్కలను, చక్రాలను, సముద్రం మీది గాలిని, ఆమ్‌స్టర్‌డామ్‌లో వీల్‌చైర్ తోసే చేతులను ఆశీర్వదించారు. ఇంధనం దగ్గరికి వచ్చేసరికి నా స్క్రీన్ మీద పేజీ గడువు అయిపోయింది. మళ్ళీ తెరిస్తే రేటు మారింది.

ఆమెన్ అన్నాక అందరూ నా వైపు తిరిగారు. నేను తల అడ్డంగా ఊపాను. ముందు బెంచీలో ప్రేమమ్మ అవ్వ భుజాలు కిందికి జారిపోయాయి.

"పాస్టర్ గారూ!"

కృపాజ్యోతి లేచి నిలబడింది.

"పాస్టర్ గారూ, ఇంక కంపెనీ పేరు చెప్పకుండ్రి. తేదీ గూడ వద్దు. మా అవ్వ వాళ్ళ చెల్లెను చూడాలె, ఆమె గుర్తువట్టాలె. గదొక్కటే అడుగుండ్రి. ఏ విమానమైతేంది? దేవునికి అన్ని కంపెనీలు తెల్వదా?"

అవ్వ వెనక్కి తిరిగి మనవరాలిని చాలాసేపు చూసింది.

"కానియ్యి అయ్యా. పిల్ల సక్కగ చెప్పింది" అంది చివరికి.

ఈసారి ప్రార్థన ఒక్క ముక్క. అప్పటికి ఇంకో కంపెనీ దొరికింది, అదీ ఆమ్‌స్టర్‌డామ్ మీదుగానే, ఆగడం కొంచెం ఎక్కువ. నేను కళ్ళు తెరిచే ప్రార్థించాను, వేలు బటన్ మీద పెట్టి. టికెట్ వచ్చిందని చేయి ఎత్తగానే చర్చి మొత్తం ఆమెన్ అంది.

అందరూ సంబరపడుతుంటే నేను మాత్రం తెర వైపే చూస్తూ కూర్చున్నాను. టికెట్ అయిపోయింది. ఇంక ఆమె సోమవారం నా షాపుకు ఎందుకొస్తుంది?

అవ్వ తెల్లారకముందే విమానం ఎక్కిన రోజు మధ్యాహ్నం కృపాజ్యోతి నేరుగా షాపుకే వచ్చింది. అప్పటికి అవ్వ ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగి ఉండాలి. సాయంత్రం దాకా అక్కడే ఆగాలి. దిగగానే ఫోన్ చేస్తానంది.

వాన మొదలైంది. ఫోన్ రాలేదు.

"అవ్వ ఫోన్‌కు రోమింగ్ ఎప్పుడేయించినవ్?" అంది ఆమె.

"నేనా? నువ్వేయిస్తనన్నవ్ గద!"

"నేనెప్పుడన్న? టికెట్ల పని నీది, గది గూడ నువ్వే జేస్తవనుకున్న!"

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అవ్వ దగ్గర ఉన్నది బటన్ల ఫోన్. రోమింగ్ లేకపోతే అది ఉత్త డబ్బా. నంబర్లన్నీ అందులోనే ఉన్నాయి. అవ్వకు చదువు రాదు.

కృపాజ్యోతి కుర్చీలో కూలబడింది. "థాంక్యూ తప్ప ఇంకో ముక్క రాదు జానీ. ఎవరన్న ఆడ్నే విడిచిపెట్టి పోతే? విమానం వెళ్ళిపోతే? చిన్నవ్వను చూడకుండనే..." అని ఏడ్చేసింది. నేను కంపెనీ నంబర్‌కు ఫోన్ చేస్తూనే ఉన్నాను. అటు వైపు పాట వస్తూనే ఉంది. మంచినీళ్ళ గ్లాసు ఆమె చేతిలో పెట్టాను. తాగలేదు, గ్లాసుతో పాటు నా చేయి కూడా పట్టుకుంది. వాన పెద్దదైంది.

అప్పుడు నా ఫోన్ మోగింది. ఏదో విదేశీ నంబర్. స్పీకర్ ఆన్ చేశాను.

"బాబూ జానీ, నేను ప్రేమమ్మను. ఆమ్‌స్టర్‌డామ్ల ఉన్న."

"అవ్వా!" అని కృపాజ్యోతి కేక పెట్టింది.

"ఎందుకట్ల అరుస్తవ్? మంచిగనే ఉన్న. బండి తోసే పిల్ల తన ఫోన్ ఇచ్చింది. రొట్టె వెట్టిన, తిన్నది."

"అవ్వా, మీకు నా నంబర్ ఎట్ల తెలుసు?" అన్నాను.

"మాటలాడే ఫోన్ గద నాది. ఏ అంకె నొక్కితే ఆ అంకె బయటికి చదువుతది. మా కృప దినాం సాయంత్రం నా ఫోన్ తీస్కొని నీ నంబరే నొక్కుతది. నైన్, ఎయిట్, ఫోర్ అనుకుంట అది చదువుతది. పచ్చ బటన్ మాత్రం నొక్కది. అన్ని తుడిపేసి పక్కకు పెడ్తది. విని విని నాకు నోటికొచ్చింది. ఈ పిల్లకు ముందు ఇండియా అని, మల్ల గట్లనే ఇంగ్లీష్‌ల చెప్పిన, నొక్కింది. సరే, పిలుస్తున్నరు, పోతున్న. ఆ పచ్చ బటనేదో మీరిద్దరు నొక్కుకోండ్రి."

ఫోన్ కట్ అయింది.

కృపాజ్యోతి చున్నీతో ముఖం మొత్తం కప్పుకుంది. లోపలి నుంచి మాట వచ్చింది. "అవ్వ అబద్ధాలు చెప్తది."

"దినాం సాయంత్రమా?"

"దినాం కాదు. నైట్ డ్యూటీ ఉన్నప్పుడు లేదు."

"నీ ఫోన్‌తోని చేయరాదా?"

"దొరికిపోతే అవ్వ నొక్కింది అని చెప్దామనుకున్న."

ఇక నాకు ఓపిక పట్టలేదు. "కృపా, నువ్వంటే నాకు ఇష్టం. నా కుర్చీల పండుకున్నావు చూడు, ఆ దినం నుంచి. ఆ టికెట్ బుక్కయినప్పుడు నాకు ఏడుపొక్కటే తక్కువ."

చున్నీ కొంచెం కిందికి దిగింది. కళ్ళు మాత్రమే కనిపించాయి. తడిసి, ఎర్రబడి, నిద్రలేక, నవ్వుతున్న కళ్ళు.

"నాకు గూడ" అంది. అంతే. నా చేయి మాత్రం విడిచిపెట్టలేదు.

మరుసటి రోజు పొద్దున్నే షాపు షటర్ ఎత్తుతుంటే ఆమె ఆటో దిగి పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో ఫోన్. టొరంటో నుంచి వీడియో కాల్. ఇద్దరం మెట్ల మీదే కూర్చున్నాం.

తెర మీద మంచం. మంచం మీద సలోమమ్మ, పక్కన ప్రేమమ్మ అవ్వ. సలోమమ్మ అవ్వ చేయి పట్టుకుని, గాజులు తడుముతూ, ముఖంలోకి అట్లాగే చూస్తోంది.

"అక్కా, గింత బక్కగైనవేందే? తింటలేవా?" అంది సలోమమ్మ.

అవ్వ బోరున ఏడ్చింది. కృపాజ్యోతి ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను, దాచడమెందుకు.

సలోమమ్మ ఫోన్ వైపు తిరిగింది. "ఈ పిల్ల ఎవరు?"

"మన కృప. నా మనవరాలు."

"పక్కన పిలగాడెవరు?"

కృపాజ్యోతి ఫోన్ పక్కకు తిప్పుతుందనుకున్నాను. తిప్పలేదు. ఇంకొంచెం జరిగి, నా ముఖం పూర్తిగా కనిపించేటట్టు పట్టుకుంది.

అవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మనోడేనే సలోమీ. మన కృపతోని పెండ్లి జేస్తున్నం. మరిచిపోతే ఫర్వాలేదు, నేను రోజూ చెప్త తీయి."